బుల్లయ్య నిజం పెట్టె

బుల్లయ్య తన జన్మలో నలభై వేల మందికి షాకు కొట్టించానని చెప్పుకునేవాడు. నేను ఒకసారి వేళ్ళ మీద లెక్క వేసి చూశాను, ఇరవై వేలు దాటలేదు. అయినా ఒక మనిషి గురించి రాసేటప్పుడు అతను చెప్పిన అంకె వెయ్యడమే మర్యాద. ఆ నలభై వేలలో గుంటూరు మిర్చి యార్డు హమాలీలు ఉన్నారు, చీరాల మగ్గాలవాళ్ళు ఉన్నారు, తిరునాళ్ళకు పెళ్ళాల ముందు గొప్ప చూపించబోయిన కొత్త పెళ్ళికొడుకులు ఉన్నారు, ఒక ఒంగోలు గిత్త కూడా ఉంది. గిత్తకు ముట్టించిన రోజు అది పరుగందుకుని చీరాల దాకా ఆగలేదట. అక్కడైనా ఆగిందంటే ఎదురుగా సముద్రం ఉండబట్టి.

నలభై వేలలో లేని మనిషి ఒక్కడే. బుల్లయ్య.

అతని తండ్రి నల్లపాడు దాటాక వచ్చే ఒక రైలు గేటు దగ్గర గేటుమాన్. ఆ గదిలో గోడకు ఒక చెక్కపెట్టె ఫోను ఉండేది. పక్కనున్న పిడి గిరగిరా తిప్పితే స్టేషన్లో గంట మోగేది. రైలు ఆలస్యమైనప్పుడు తండ్రికి పొద్దు పోయేది కాదు. గేటు దగ్గర ఆగిన బండ్లవాళ్ళలో అమాయకుణ్ణి చూసి లోపలికి పిలిచి, ఫోను తీగలు రెండు చేతుల్లో పెట్టి, పిడి తిప్పేవాడు. బండివాడు ఎగిరి గోడకు కొట్టుకునేవాడు. పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న బుల్లయ్యకు అప్పుడు ఆరేళ్ళు. నవ్వి నవ్వి పొట్ట పట్టుకునేవాడు. అతనికి ఇంట్లో జరిగిన చదువు అంతే.

తొంభై ఆరులో పాత ఫోన్లు తీసేసి కొత్తవి పెట్టారు. పాతవి మూటలుగా గుంటూరులో తుక్కు కొట్టు సిలార్ దగ్గరకు చేరాయి. అప్పటికి బుల్లయ్యకు నలభై దాటాయి. చేసిన పని ఏదీ ఆరు నెలలు నిలవలేదు. సిలార్ కొట్లో ఆ చెక్కపెట్టె కనిపించగానే కాళ్ళు ఆగిపోయాయట. "మనిషిని చూసినట్టయింది తాతగారూ" అని నాతో అన్నాడు. ఎవరిని చూసినట్టయిందో చెప్పలేదు.

పెట్టెలో ఏముందో చెబుతాను. గుర్రపు నాడాల్లా వంచిన అయస్కాంతాలు మూడు, పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. వాటి కాళ్ళ మధ్య సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన ఒక ఉండ ఉంటుంది. పిడి తిప్పితే పళ్ళచక్రాలు ఆ ఉండను అయస్కాంతాల మధ్య తిప్పుతాయి. బ్యాటరీ లేదు, స్తంభం నుంచి లాగిన తీగ లేదు. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని పెట్టె మా ఊరు వచ్చి పోయాక అందరూ నన్ను అడిగేవాళ్ళు. గుంటూరు కాన్వెంటులో మాకు సైన్సు చెప్పిన సిస్టరు మూడే ముక్కలు చెప్పింది. అయస్కాంతం పక్కన రాగి తీగ ఊరికే పడి ఉంటే వందేళ్ళు గడిచినా ఏమీ పుట్టదు. రెండింటిలో ఒకటి కదలాలి, అప్పుడే కరెంటు. ఎంత వేగంగా కదిలితే అంత ఎక్కువ. మూడోది చెప్పేటప్పుడు ఆవిడ బెత్తం బల్ల మీద పెట్టి మరీ చెప్పేది. పుట్టిన కరెంటు ముందుగా చేసే పని, తనను పుట్టించిన కదలికకు అడ్డం పడటం. "అచ్చం మీలాగే" అని మా వైపు చూసేది.

ఆ మూడోది బుల్లయ్య ఏ బడిలోనూ వినలేదు, అరచేత్తో నేర్చుకున్నాడు. సైకిలుకు డైనమో వేసుకుని తొక్కినవాళ్ళకు తెలుసు. లైటు వెలుగుతున్నంతసేపూ తొక్కడం బరువు. లైటు తీగ ఊడిపోతే చక్రం తేలిక. బుల్లయ్య పెట్టె కూడా అంతే. తీగల చివర కట్టిన ఇత్తడి కడ్డీలు రెండూ ఎవరూ పట్టుకోకపోతే పిడి ఖాళీగా తిరుగుతుంది. ఎవరైనా పట్టుకుంటే తల వెంట్రుక అంత బరువు ఎక్కుతుంది. నేను తిప్పి చూస్తే నాకేమీ తెలియలేదు. బుల్లయ్యకు మాత్రం తెలిసేది. కళ్ళు మూసుకుని పిడి తిప్పుతూ, "వీడి చేతులు పొడి. ఈయమ్మ ఇప్పుడే అంట్లు తోమి వచ్చింది. వీడు వేళ్ళతో పట్టుకున్నాడు, అరచెయ్యి ఆనించలేదు. ఒరేయ్, సరిగ్గా పట్టుకోరా!" అనేవాడు. చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

రోజూ పొద్దున్నే పెట్టె పనిచేస్తోందో లేదో చూసుకోవాలి గదా. దానికి భార్య కోటిరత్నం ఉంది. పొయ్యి దగ్గర ఉన్న మనిషిని "ఏమే, ఇటురా" అని పిలిచి కడ్డీలు పట్టించేవాడు. ఆమె కెవ్వుమంటే పెట్టె బాగున్నట్టు. రెండేళ్ళు ఆమె అలా రోజూ కెవ్వుమంది. ఒకరోజు పట్టుకుని, పెదవి కదపకుండా అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. పెట్టె పాడైందనుకుని బుల్లయ్య మరలు విప్పి అరగంట వెతికాడు. తలెత్తేసరికి ఆమె చీరాలలో అన్నగారింటికి వెళ్ళే బస్సు ఎక్కేసింది. "పెట్టె బాగానే ఉంది తాతగారూ, మనిషే పాడైంది" అని నాకు చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరునాళ్ళలో ఆటగా ఉన్న పెట్టె నిజం పెట్టె ఎలా అయిందంటే, ఒక పత్తి మిల్లులో మేస్త్రి చేతి గడియారం పోయింది. బుల్లయ్య ఆ దారినే పోతుంటే ఎవరో తమాషాకు పిలిచారు. ఆరుగురు కూలీలను వరసగా నిలబెట్టి, "దొంగ అయితే వదిలేస్తాడు, కానివాణ్ణి ఇది ఏమీ చెయ్యదు" అని బుల్లయ్య నోటికొచ్చింది అన్నాడు. పిడి తిప్పకముందే నాలుగోవాడు గొల్లుమన్నాడు. గడియారం వాడి అన్నం క్యారేజీలో దొరికింది. కరెంటు చేసిన పని అందులో ఏమీ లేదు. కానీ ఆ వారంలోనే ఆ కబురు చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళకు పాకింది. మొదటిసారే నిజమైన దొంగ దొరకడం చాలా చెడ్డ సంగతి.

ఆ తరువాత బుల్లయ్య తిరునాళ్ళు తగ్గించేశాడు. కోడి పోయినా, కొడవలి పోయినా అతనికే కబురు. పద్ధతి ఒకటి ఏర్పాటు చేశాడు. పది తిప్పులు పట్టుకుంటే నిజాయితీపరుడు, వదిలేస్తే దొంగ. పట్టుకునే ముందు పసుపు నీళ్ళలో చేతులు ముంచాలి. గిన్నెలు రెండు ఉండేవి. ఒకదానిలో పసుపు మాత్రమే. రెండోదానిలో పసుపుతో పాటు గుప్పెడు ఉప్పు. ఉప్పునీళ్ళలో తడిసిన చేతికి కరెంటు ఎలా పాకుతుందో చెప్పనవసరం లేదు. పిలిచిన ఆసామి మనసులో ఎవరున్నారో బుల్లయ్య వచ్చీరాగానే కనుక్కునేవాడు. ఆ మనిషి చేతులు ఉప్పు గిన్నెలో మునిగేవి, పిడి వేగంగా తిరిగేది. మిగతావాళ్ళకు ఉత్త పసుపు, మెల్లటి తిప్పులు. ఆసామి అనుకున్న దొంగే ఎప్పుడూ దొరికేవాడు. ఇంక పెట్టె మీద ఎవరికి అనుమానం వస్తుంది?

రెండువేల సంవత్సరం ఫిబ్రవరిలో మా ఊరికి వచ్చింది ఆ పెట్టె.

మా ఊళ్ళో వీరాంజనేయులుకు ఎనిమిదెకరాల మిరప తోట. కోతలకు ఏటా కనిగిరి వైపు నుంచి పదిహేను మంది ఆడవాళ్ళ ముఠా వచ్చేది. ముఠాకు మేస్త్రి పేరమ్మ. నలభై ఏళ్ళ మనిషి, బస్తా ఒంటిచేత్తో గుంజి నిలబెట్టేది. ఆరేళ్ళుగా ఆమె మాట మీదే రైతులు పిలిచేవాళ్ళు, ఆమె మాట మీదే ఆడవాళ్ళు పిల్లలను వదిలి వెంట వచ్చేవాళ్ళు. పేరమ్మ ముఠా అంటే కల్లంలో కాయ అటుదిటు కాదని పేరు. ఆమెకు పొలం లేదు, పాడి లేదు. ఉన్నదల్లా ఆ పేరే.

ఒక మధ్యాహ్నం వీరాంజనేయులు భార్య నాగజ్యోతి కల్లం దగ్గరకు వచ్చింది. ఎండుతున్న కాయల ఘాటుకు మెడ మండి, రెండు పేటల గొలుసు తీసి బోరు తొట్టి గట్టు మీద పెట్టి మొహం కడుక్కుంది. కల్లంలోంచి ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గొలుసు లేదు. ఆ సమయంలో తొట్టి దగ్గర నీళ్ళు ముంచుకున్నది పేరమ్మ. కల్లానికి కాపలా పేరుతో మంచం మీద పడుకున్నది నాగజ్యోతి తమ్ముడు కోటేష్. అందరూ పేరమ్మనే చూశారు. మంచాన్ని ఎవరూ చూడలేదు. ఆడవాళ్ళ మూటలు విప్పించారు, గుడిసెలు తవ్వించారు. ఏమీ దొరకలేదు. "రేపు పొద్దున బుల్లయ్యను పిలిపిస్తాను" అన్నాడు వీరాంజనేయులు.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర కోటేష్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నాకు టీ చెప్పాడు. ఎప్పుడూ చెప్పనివాడు.

"తాతా, నీకు అన్నీ తెలుసంటారు గదా. ఆ పెట్టెకు విరుగుడేమన్నా ఉందా?"

"ఎందుకు లేదురా? రెండు కడ్డీలకూ మధ్య ఏదన్నా లోహం ఆనించావనుకో, కరెంటు దానిలోంచి పోతుంది. నీ ఒంట్లోకి ఎందుకొస్తుంది, దానికేం పని?"

"ఇనుమే కావాలా?"

"ఇనుము, రాగి, వెండి, బంగారం. ఏదైనా ఒకటే. బంగారమైతే ఇంకా హాయి."

కాన్వెంటులో నేర్చుకున్నది నన్ను అడిగినవాడు చాలా ఏళ్ళ తరువాత దొరికాడు. అందుకని ఇంకో అరగంట చెప్పాను. టీ కూడా బాగుంది.

పొద్దున మంచు విడవకముందే కల్లం దగ్గర ఊరు ఊరంతా చేరింది. బుల్లయ్య పెట్టెను పీట మీద పెట్టి, పసుపు కలిపి, తీగలు సర్దాడు. వీరాంజనేయులు అతన్ని పక్కకు తీసుకెళ్ళి నాలుగు మాటలు చెప్పి వచ్చాడు. బుల్లయ్య తల ఊపాడు.

"ముఠాలో చిన్నదానితో మొదలుపెడదాం" అన్నాడు బుల్లయ్య.

"ఎందుకు?" అంటూ పేరమ్మ ముందుకు వచ్చింది. "మేస్త్రిని నేను. ముందు నేనే పట్టుకుంటా. నిజం పెట్టె అంటే నాకూ నమ్మకమే. కిందటేడు పెదనందిపాడు దగ్గర ఇది దొంగను పట్టుకోవడం నా కళ్ళతో చూశా. పట్టుకున్నాక ఈ జనమంతా నోరు మూసుకోవాలి, అంతే."

"అట్టాగే తల్లీ. చేతులు ముంచు."

ఆమె ముంచింది ఉప్పు గిన్నెలో. నెల రోజులుగా మిరపకాయలు తుంచిన చేతులవి. వేళ్ళ సందులు పగిలి ఎర్రగా ఉన్నాయి. మిగతా ఆడవాళ్ళు మంటకు ఆముదం రాసుకుని ఉన్నారు. ప్రమాణం కదా అని ఈమె కుంకుడు రసంతో రుద్ది రుద్ది కడుక్కుని వచ్చింది. ఉప్పు తగలగానే పళ్ళు బిగించింది. కడ్డీలు పట్టుకుంది.

బుల్లయ్య తిప్పాడు. ఒకటి. రెండు. ఆమె మోచేతులు వణికాయి. మూడు, నాలుగు. భుజాలు చెవుల దాకా లేచాయి. అయిదు. "నేను తియ్యలేదు" అంది. ఆరు. "తియ్యలేదురా నాయనా" అంది. ఏడో తిప్పుకు వేళ్ళు వాటంతట అవే విడిపోయాయి. కడ్డీలు నేల మీద పడ్డాయి.

జనం హో అన్నారు. చింతచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

ముఠాలో ఒకామె అంది: "ఎంత పని చేశావే అక్కా! నీ వెంట వచ్చినందుకు మమ్మల్ని కూడా దొంగల్ని చేశావు గదే!"

పేరమ్మ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఆమె మొహంలో కోపం లేదు. చేతులే తనకు తెలియకుండా ఏదన్నా చేశాయేమోనన్న అనుమానం ఉంది. నేను అంత దగ్గర నుంచి చూశాను.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ వీరాంజనేయులుకు న్యాయంగా కనిపించడమంటే ఇష్టం. "ఒక్కరినే పట్టించారని రేపు ఎవరూ అనకూడదు. అందరూ పట్టుకోండి" అన్నాడు. మిగతా పద్నాలుగు మందీ ఆముదం చేతులతో మెల్లటి తిప్పులు పది పట్టుకుని బయటపడ్డారు. అప్పుడు కోటేష్ లేచాడు. ఒంటి చుట్టూ శాలువా కప్పుకుని ఉన్నాడు.

"బావా, మనింటి తరఫున నేను పట్టుకుంటా. వాళ్ళు పట్టుకుని మనం పట్టుకోకపోతే బాగుండదు."

"భేష్ రా" అన్నాడు వీరాంజనేయులు.

కోటేష్ కడ్డీలను శాలువా లోపలికి తీసుకుని, "చలిగా ఉంది, కానియ్" అన్నాడు. పెద్దింటివాడు గనుక బుల్లయ్య గిన్నె చూపించలేదు, శాలువా తియ్యమనలేదు. పిడి తిప్పాడు.

మొదటి చుట్టు సగంలోనే బుల్లయ్య భుజం ఆగిపోయింది. మళ్ళీ తోశాడు. బురదలో దిగిన బండిచక్రంలా పిడి మొరాయిస్తోంది. ఆ నాలుగేళ్ళలో ఏ మనిషి చేతులూ అంత బరువు ఎక్కించలేదు. ఎదురుగా కోటేష్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

బుల్లయ్య పిడి వదిలేశాడు.

"ఏమైందిరా?"

"ఈయన లోపల ఏదో లోహం కలిపాడు. శాలువా తియ్యమనండి."

"ఏరా, ఒళ్ళు కొవ్వెక్కిందా?" అన్నాడు కోటేష్.

"నా పెట్టెతో ఆటలా? నా చేతికి తెలియదనుకున్నావా? తియ్యి శాలువా! నీ దగ్గరే ఉంది గొలుసు!"

ఒక మాట చెప్పాలి. బుల్లయ్య పేరమ్మ కోసం మాట్లాడలేదు. ఆమె అక్కడ ఉన్న సంగతే అతనికి గుర్తు లేదు. ఇన్నాళ్ళూ పెట్టెను మోసం చేసే హక్కు తన ఒక్కడిదే అనుకున్నాడు. ఇంకొకడు చేసేసరికి తట్టుకోలేకపోయాడు. అంతే. కానీ నోట్లోంచి వచ్చింది నిజం. ఊళ్ళో ఆ నిజం ఇంకొకడికి కూడా తెలుసు. ముందురోజు టీ తాగినవాడికి. ఆ ఇంకొకడు నోరు తెరవలేదు. వీరాంజనేయులు ఇంటి నుంచి రోజూ వాడికి చెంబెడు మజ్జిగ వస్తుంది.

పేరమ్మ తలెత్తింది. "తియ్యమనండి అయ్యా. ఒక్కసారి శాలువా తియ్యమనండి."

వీరాంజనేయులు మొహం నల్లబడింది. కూలీల ముందు బావమరిది బట్టలు విప్పించే మనిషి కాదు. కోటేష్ తొణకలేదు.

"బావా, వీడి మాట నిజమో అబద్ధమో తేల్చడానికి పెట్టె ఇక్కడే ఉంది గదా. వీణ్ణే పట్టుకోమను. పది తిప్పులు పట్టుకుంటే నేను శాలువానే కాదు, చొక్కా కూడా విప్పుతా."

జనం కేకలు వేశారు. "పట్టుకోరా బుల్లయ్యా! నీ పెట్టే గదా!" "నలభై వేల మందికి పెట్టావు, నువ్వొకసారి తిను!"

"ఎవరు తిప్పుతారు?" అన్నాడు వీరాంజనేయులు.

"మనం తిప్పితే అన్యాయమంటారు. ఆవిణ్ణే తిప్పమను, పేరమ్మను" అన్నాడు కోటేష్. "ఆవిడ తరఫునే గదా వీడి గోల."

బుల్లయ్య చుట్టూ చూశాడు. దారి లేదు. పేరమ్మ అప్పటికే వచ్చి పిడి ముందు గొంతుక్కూర్చుంది. పద్ధతి తప్పకుండా తన చేత్తో గిన్నె తెచ్చి పెట్టింది. తను ముంచిన గిన్నె.

"చేతులు ముంచు" అంది.

"ఆ గిన్నె కాదు..."

"ఏం, రెండింటికీ తేడా ఏంటి?" అన్నాడు వీరాంజనేయులు.

ఉప్పు సంగతి బుల్లయ్య ఎలా చెబుతాడు? చెబితే పేరమ్మ నిందలోంచి బయటపడుతుంది, నాలుగేళ్ళలో దొంగలనిపించుకున్న వాళ్ళందరూ బయటపడతారు, తను మాత్రం ఆ కల్లం దాటి పోలేడు. చేతులు ముంచి కడ్డీలు పట్టుకున్నాడు. పేరమ్మ వైపు వంగి గొంతు తగ్గించాడు. "మెల్లగా తిప్పు పేరమ్మా. మెల్లగా తిప్పితే పదీ పట్టుకుంటాను. నీ కోసమే చెబుతున్నా."

"నాకు మెల్లగా తిప్పావా?"

"అది కాదే..."

"నీది నిజమైతే ఎంత వేగంగా తిప్పితే మాత్రం నీకేమవుతుంది? నా పేరు నిలబెట్టు, చాలు. ఈ జనానికి ఇంక మాట రాకూడదు."

ఆమె తిప్పింది. బస్తాలు గుంజిన చేతులు, ఆరేళ్ళ పేరు, పొద్దుటి నుంచి పడ్డ మాటలు, అన్నీ కలిపి తిప్పింది. నిజం ఎంత గట్టిదో ఊరికి చూపించాలని తిప్పింది. లోపల రాగి ఉండ బొంగరంలా బుసలు కొట్టింది.

బుల్లయ్య మూడో తిప్పు దాటలేదు. గేటు గదిలో బండివాళ్ళు ఎగిరినట్టే ఎగిరి వెనక్కి పడ్డాడు. నోరు కొరుక్కుని నెత్తురు వచ్చింది. కడ్డీలు చెరో పక్క పడ్డాయి.

పేరమ్మ తల వంచుకుని తిప్పుతూనే ఉంది. కడ్డీలు పడిపోయాక పిడి తేలికై గిరగిరా తిరుగుతోంది. ఆ తేలికకు అర్థం ఏమిటో ఆమెకు అప్పుడు తెలియదు. జనం హో అనేదాకా తల ఎత్తలేదు.

పెట్టెను బుల్లయ్య మెడకు కట్టి, రోడ్డు దాకా తరుముకుంటూ తీసుకెళ్ళి, కాలవలోకి తోశారు. ముఠా ఆ పూటే ఇంకొకామెను మేస్త్రి చేసుకుని మళ్ళీ కోతకు దిగింది. పేరమ్మ మూట నెత్తిన పెట్టుకుని నల్లపాడు స్టేషను వైపు నడిచింది. ఆమె వెళుతుంటే తోటలోని ఆడవాళ్ళు ఎవరూ నడుము ఎత్తలేదు. కోటేష్ ఉగాదికి మోటారు సైకిలు కొన్నాడు.

అయిదేళ్ళు గడిచాయి. రెండువేల ఐదులో సింగరాయకొండ తిరునాళ్ళకు వెళ్ళాను. జెయింటు వీలు వెనక బాగా గుంపుగా ఉంటే దూరాను. అదే పెట్టె. నీళ్ళలో నానినా అయస్కాంతాలు చావలేదు. పక్కన అట్ట ముక్క మీద రాసి ఉంది: రూపాయికి పది తిప్పులు. కడ్డీలు పట్టుకుని పీట మీద కూర్చున్నది బుల్లయ్య. తిప్పేది జనం.

పూర్వం షాకు తినడానికి రూపాయి ఇచ్చేవాళ్ళు రోజుకు ముప్ఫై మంది ఉండేవాళ్ళు. కొట్టడానికి ఇచ్చేవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు, చేతిలో జీళ్ళ పొట్లంతో ముసలివాళ్ళు. బుల్లయ్య పొర్లుతున్నాడు, అరుస్తున్నాడు, నాలుక బయటపెడుతున్నాడు. జనం కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. నేనూ రూపాయి ఇచ్చి పిడి పట్టుకున్నాను.

బురదలో చక్రంలా ఉంది. నా చేతికే తెలిసింది.

"తీగ పెట్టావురా" అన్నాను చెవిలో.

"పొడుగు చేతుల చొక్కా అందుకే తాతగారూ" అని కన్ను కొట్టి, అంతలోనే కెవ్వుమన్నాడు.

నేను లేవబోతుంటే అతని నవ్వు ఆగిపోయింది. గబగబా చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, లోపలి రాగి తీగ లాగి పీట కింద వేశాడు. తిరిగి చూశాను. పేరమ్మ నిలబడి ఉంది. అక్కడి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తోందట. మిర్చికి ఆమెను ఎవరూ పిలవడం లేదు. నీళ్ళలో నాని చేతులు తెల్లగా పాలిపోయాయి. నన్ను గుర్తుపట్టింది.

"ఏటా వచ్చి ఈ పిడి తిప్పుతున్నా. మొదటి ఏడు ఈ మనిషి తీగ పెట్టుకునే పదీ పట్టుకున్నాడు తాతగారూ" అంది. "పిడి బరువుగా ఉందేమని అడిగితే అప్పుడు చెప్పాడు. తీగ ఉంటే పిడి బరువంట. ఆనాడు ఆ శాలువాబాబుకు తిప్పినప్పుడు ఇట్టాగే ఉందంట. నా చేతికి ఇప్పుడు తెలుసు."

"తెలిసింది గదమ్మా. ఇంక ఏటా రావడం ఎందుకు?"

"నాకు తెలిస్తే సరిపోతుందా? అందరి ముందూ పెట్టె నన్ను దొంగంది. పెట్టే కాదనాలి." నా వైపు తిరిగింది. "మీరు చదువుకున్నవాళ్ళు. ఆ రోజు అక్కడే ఉన్నారు గదా. ఆ కుర్రాడికి ఈ తీగ కిటుకు ఎట్టా తెలిసిందో మీకేమన్నా తెలుసా?"

"తెలియదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి, పీట ముందు గొంతుక్కూర్చుంది.

"మెల్లగా తిప్పు పేరమ్మా, ఈ ఏడన్నా. పట్టుకుంటాను" అన్నాడు బుల్లయ్య.

"మెల్లగా తిప్పితే అది నిజం ఎట్టా అవుతుంది? చెప్పు."

"పేరమ్మ దొంగ కాదు" అన్నాడు బుల్లయ్య గుంపుకు వినిపించేలా, కడ్డీలు బిగించి పట్టుకుని. ఎవరా పేరమ్మ అని కూడా గుంపులో ఎవరూ అడగలేదు. ఆట మొదలైందని ఈల వేశారు.

ఆమె తిప్పింది. ఆ పిడి అంత వేగంగా తిరగడం ఆనాడు కల్లంలో కూడా నేను చూడలేదు. బుల్లయ్య అరవలేదు, నాలుక బయటపెట్టలేదు. నాలుగు, అయిదు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఆరు. ఏడో తిప్పుకు వేళ్ళు విడిపోయాయి.

గుంపు హో అంది.

రూపాయికి పది. మిగిలిన మూడూ ఆమె ఖాళీగా తిప్పి, కొంగుతో చేతులు తుడుచుకుని, లేచి వెళ్ళిపోయింది.